వాన ఎటు నడుస్తోంది?

స్వర్ణముఖి పొంగాలంటే తిరుపతిలో వాన పడాల్సిన పని లేదు. పాకాల, చంద్రగిరి వైపు కొండల్లో గట్టిగా కురిస్తే చాలు. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించని ఏరు తిరుచానూరు పక్కగా నిండి వస్తుంది, అక్కడినుంచి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట వైపు సాగిపోతుంది. అప్పుడు శ్రీకాళహస్తిలో ఎండ కాస్తూ ఉండవచ్చు. అందుకే మన ప్రాంతంలో "ఇక్కడ వాన పడుతోందా" అని అడిగితే సరిపోదు. పైన ఎక్కడ పడింది, ఎంతసేపు పడింది, ఆ మబ్బు ఇప్పుడు ఎటు నడుస్తోంది అని అడగాలి.

ఈ ప్రశ్నలకు ఫోనులోనే జవాబు చూపించే సాధనం ఒకటుంది. ఊళ్ళు, రోడ్లు ఉన్న పటం మీద రాడార్ చూసిన వానను రంగుల పొరగా పరిచి, గడిచిన రెండు గంటల బొమ్మలను వరసగా తిప్పి చూపించడం. కంప్యూటర్ చదువుకున్న పిల్లలు నాలుగైదు రోజులు కూర్చుంటే తయారుచేయగలరు. అయితే తిరుపతి, చిత్తూరు జిల్లాలకు పనికొచ్చేలా, ఎవరినీ తప్పుదారి పట్టించకుండా తయారుచేయడానికి కొంచెం ఎక్కువ శ్రద్ధ కావాలి. ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది ఆ శ్రద్ధ గురించే.

ముందు 2021 నవంబరు గుర్తు చేసుకుందాం. ఆ నెల 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. చెరువులు అప్పటికే నిండుగా ఉన్నాయి. వారం తిరిగేసరికి ఇంకో వాయుగుండం వచ్చి, 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. దానికి ముందురోజు తిరుపతి వీధుల్లో నీళ్ళు ఏరులా పారాయి. తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. తర్వాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు ఊట పడింది. కింద ఉన్న ఊళ్ళవాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయించి, ఇసుక బస్తాలతో కట్టను కాపాడాల్సి వచ్చింది. శేషాచలానికి అటువైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19న తెగిపోయింది. రాజంపేట ప్రాంతంలో ప్రాణాలు పోయాయి. ఒకే వాయుగుండం కొండకు ఇరుపక్కలా రెండు నదులను ముంచెత్తింది.

వాతావరణ శాఖ హెచ్చరికలు మామూలుగా జిల్లా మొత్తానికి కలిపి వస్తాయి. అవి అవసరం, వాటిని పాటించాలి. కానీ చెరువు కట్ట మీద నిలబడిన మనిషికి జిల్లా కబురుతో పాటు తన వంక ఏ కొండ నుంచి దిగుతోందో, ఆ కొండ మీద ఈ గంటలో ఏం జరుగుతోందో కూడా కావాలి. కదిలే రాడార్ పటం విలువంతా అక్కడుంది.

ఇప్పుడు రాడార్ సంగతి. రాడార్ రేడియో తరంగాలను చిన్నచిన్న దఫాలుగా పంపుతుంది. అవి వాన చినుకులకు తగిలి, అందులో కొంత వెనక్కి వస్తుంది. రావడానికి పట్టిన సమయాన్ని బట్టి వాన ఎంత దూరంలో ఉందో, వచ్చిన బలాన్ని బట్టి ఎంత గట్టిగా ఉందో లెక్కకడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల విమానాల కోసం వెతికేవాళ్ళకు తెరమీద వాన అడ్డొచ్చేది. ఆ అడ్డునే యుద్ధం తర్వాత శాస్త్రంగా మలిచారు.

వెనక్కి వచ్చిన బలాన్ని డీబీజెడ్ అనే కొలమానంలో చెబుతారు. 1948లో మార్షల్, పామర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇచ్చిన సూత్రం ప్రకారం 20 డీబీజెడ్ అంటే గంటకు ఒక మిల్లీమీటరు కూడా పడని తుంపర. 30 అంటే గంటకు మూడు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. 40కి పోతే దాదాపు పదకొండున్నర, 50కి పోతే 48 దాటుతుంది. కొలమానం మీద పది అంకెలు పెరిగితే వాన నాలుగు రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట. పటంలో పసుపు ఎరుపుగా మారడం చూసేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి. రంగుల పట్టీ పక్కన డీబీజెడ్ అంకెలు మాత్రమే రాస్తే మన రైతుకు ఏమీ అర్థం కాదు. తుంపర, మామూలు వాన, గట్టి వాన, కుండపోత అని తెలుగులో రాసి, పక్కన గంటకు ఎన్ని మిల్లీమీటర్లో ఇవ్వాలి.

మన ప్రాంతాన్ని చూసే రాడార్లలో రెండు ముఖ్యమైనవి. ఒకటి చెన్నై ఓడరేవు భవనం మీద 2002లో పని మొదలుపెట్టిన డాప్లర్ రాడార్. వాతావరణ శాఖకు ఆ రకం రాడార్లలో అదే మొదటిది. రెండోది శ్రీహరికోటలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సూళ్ళూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది కాబట్టి ఆ రాడార్ ఇప్పుడు మన జిల్లాదే. రెండూ దాదాపు పది సెంటీమీటర్ల తరంగంతో పనిచేస్తాయి. అంత పొడవు తరంగం గట్టి వానను కూడా దాటుకుని వెనక ఉన్నదాన్ని చూడగలదు.

గాదంకి గురించి కూడా చెప్పాలి, చాలామంది అడుగుతారు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఉన్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ 1024 యాంటెనాలు ఒక పెద్ద మైదానంలో నాటి ఉంటాయి. ప్రపంచంలో పేరున్న కేంద్రం అది, మన మధ్య ఉన్నందుకు గర్వపడాలి. కానీ ఆ పెద్ద రాడార్ పని వేరు. అది నిటారుగా ఆకాశంలోకి చూసి, ఎంత ఎత్తులో గాలి ఎటు వీస్తోందో కొలుస్తుంది. చుట్టూ తిరిగి వాన పటం గీయదు. గాదంకి పక్క ఊరివాళ్ళు "మా ఊళ్ళోనే రాడార్ ఉందిగా, మా వాన కనిపించదా" అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇది.

ఇక పటం తయారీ. అడుగున ఊళ్ళు, రోడ్లు, ఏర్లు ఉన్న పటం కావాలి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, వాళ్ళ పేరు అడుగున చూపిస్తే చాలు. దాన్ని వెబ్ పేజీలో జరిపేందుకు, పెద్దది చిన్నది చేసేందుకు లీఫ్‌లెట్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది. కీవ్ నగరానికి చెందిన వొలొదిమిర్ అగఫోన్కిన్ 2011లో దాన్ని విడుదల చేశారు. ఈ పటాలు చదరపు ముక్కలుగా వస్తాయి. పనిచేసేవాళ్ళు వాటిని టైల్స్ అంటారు. ఒక్కో టైల్ నిలువునా అడ్డంగా 256 చుక్కలు. తొమ్మిదో జూమ్ స్థాయిలో, మన అక్షాంశం దగ్గర, ఒక టైల్ దాదాపు 76 కిలోమీటర్ల వెడల్పు నేలను కప్పుతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాలు కొద్ది ముక్కల్లో సరిపోతాయి.

దీనిమీద రాడార్ పొర పడుతుంది. వాన లేనిచోట ఆ పొర పూర్తిగా పారదర్శకంగా ఉండాలి. వాన ఉన్నచోట కూడా రంగు ముద్దగా పడకూడదు. నూటికి అరవై వంతుల గాఢత ఇస్తే అడుగున ఊరిపేరు చదవడానికి వీలవుతుంది. ఎర్రటి మచ్చ కింద ఏ ఊరుందో తెలియకపోతే చూసినవాడికి భయమే మిగులుతుంది.

కదలిక ఎలా వస్తుందంటే, పిల్లలు నోటుపుస్తకం అంచుల్లో పేజీకో బొమ్మ గీసి గబగబా తిప్పినట్టే. రాడార్ చుట్టూ తిరిగి, కోణాలు మార్చుకుంటూ ఆకాశమంతా చూడడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. రెండు గంటలకు పదమూడు బొమ్మలు. ఒక్కోదాన్ని అరసెకను చూపిస్తే ఆరేడు సెకన్లలో రెండు గంటల వాన కళ్ళముందు నడుస్తుంది. చివరి బొమ్మ దగ్గర రెండు సెకన్లు ఆగాలి, ఎందుకంటే అందరూ వెతికేది దాన్నే.

కొత్తగా నేర్చుకునే పిల్లలు ఇక్కడ ఒక ఇబ్బంది పడతారు. ప్రతి అరసెకనుకూ పాత పొరను తీసేసి కొత్త పొరను తగిలిస్తారు. కొత్త ముక్కలు దిగేలోపు పటం ఖాళీ అవుతుంది, తెర మిణుకుమిణుకుమంటుంది. దానికి విరుగుడు సులువు. పదమూడు పొరలనూ ముందే తెచ్చి ఒకదానిమీద ఒకటి ఉంచాలి, అన్నిటి గాఢతా సున్నా. వంతు వచ్చిన పొర గాఢతను పెంచి, ఆ తర్వాతే పాతదాన్ని సున్నా చేయాలి. తెర ఆగకుండా నడుస్తుంది.

అయితే ఫోను తెర నిండడానికి పన్నెండు ముక్కలు కావాలనుకుంటే పదమూడు పొరలకు నూట యాభై ఆరు ముక్కలు దిగాలి. వాన రాత్రి, కరెంటు పోయి, సెల్ టవర్ సగం ప్రాణంతో ఉన్నప్పుడు అది సాధ్యం కాదు. సరిగ్గా ఈ పటం కావాల్సింది అలాంటి రాత్రే. అందుకని నా సలహా ఏమిటంటే, మన జిల్లాలకు సరిపడా ఒక్కో సమయానికి ఒకే బొమ్మ తయారుచేసి, దాని నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు చెప్పి పటం మీద అతికించండి. పదమూడు బొమ్మలతో పని అయిపోతుంది. ముందు తాజా బొమ్మ ఒక్కటే దిగాలి, మిగతావి తర్వాత. సిగ్నల్ అక్కడితో తెగిపోయినా చేతిలో ఒక బొమ్మ మిగులుతుంది.

రాడార్ సమాచారం ఎక్కడిది? వాతావరణ శాఖ తన సైట్‌లో ప్రతి రాడార్ బొమ్మలనూ ప్రజలకు చూపిస్తోంది. ఇస్రోకు చెందిన మోస్‌డాక్ కేంద్రం పరిశోధకులకు రాడార్ సమాచారం ఇస్తోంది. ఎవరి బొమ్మ వాడినా అనుమతి షరతులు చదివి, అడగాల్సినచోట అడిగి వాడాలి. వాళ్ళ సర్వర్ మీద ఊరందరి ఫోన్లూ పడకుండా, మీరు పది నిమిషాలకోసారి ఒక్కసారి తెచ్చి మీ దగ్గరినుంచి పంచాలి. తుపాను రోజు ఆ సర్వర్ అధికారులకే అవసరం.

ఇప్పుడు సమయం సంగతి. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. రాడార్ బొమ్మల మీద సమయం చాలాసార్లు అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. బొమ్మ మీద 11:40 అని ఉంటే ఇక్కడ సాయంత్రం ఐదూ పది. మార్చకుండా వదిలేస్తే చూసినవాడు పొద్దుటి వాన అనుకుని పొలానికి పోతాడు. సమయాన్ని మన గడియారానికి మార్చి, పెద్ద అక్షరాల్లో, పటం పైభాగాన రాయాలి. దాంతోపాటు "ఈ బొమ్మ పద్దెనిమిది నిమిషాల కిందటిది" అని వయసు కూడా చెప్పాలి. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో నడిచే మబ్బు అరగంటలో పదిహేను కిలోమీటర్లు పోతుంది. రేణిగుంట మీద చూపించిన వాన మీరు చూసేసరికి తిరుపతి దాటి ఉండవచ్చు. బొమ్మ నలభై నిమిషాలు దాటి పాతబడితే రంగులు తీసేసి బూడిదరంగులో చూపించండి. రాడార్ ఆగిపోతే "సమాచారం అందడం లేదు" అని రాయండి. ఖాళీ పటాన్ని చూస్తే జనం వాన లేదనుకుంటారు. వాన లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఆ తేడా చూపించని పటం మనుషులను చెరువు కట్ట కింద నిద్రపుచ్చుతుంది.

బొమ్మకూ బొమ్మకూ మధ్య మబ్బు ఐదు కిలోమీటర్లు గెంతినట్టు కనిపిస్తుంది. అందంగా ఉండాలని ఒకటి మెల్లగా మాసిపోతుంటే ఇంకొకటి మెల్లగా తేలేలా చేస్తారు కొందరు. అప్పుడు రెండుచోట్లా సగం సగం వాన కనిపిస్తుంది. అలాంటి వాన ఎక్కడా పడలేదు. గెంతితే గెంతనివ్వండి. అలాగే రాబోయే అరగంట అంచనాను కలిపి చూపించే సేవలు ఉన్నాయి. ఉన్న మబ్బును ఉన్న వేగంతో ముందుకు జరిపి వేసే లెక్క అది. వాడవచ్చు, కానీ జరిగినదాన్నీ జరగబోయేదాన్నీ ఒకే రంగులో చూపకూడదు. అంచనా మొదలయ్యేచోట పటం అంచుకు చుక్కల గీత పెట్టి, "అంచనా" అని రాయాలి.

జూమ్‌కు కూడా హద్దు కావాలి. రాడార్ బొమ్మలో ఒక గడి కిలోమీటరు అనుకుందాం. పదహారో స్థాయి జూమ్‌లో ఆ ఒక్క గడే ఫోను తెరకన్నా వెడల్పుగా కనిపిస్తుంది. ఒక ఇంటిమీద పసుపు, పక్కింటిమీద పచ్చ పడితే అది రాడార్‌కు తెలిసిన విషయం కాదు, గడి అంచు అక్కడ పడింది, అంతే. ఊరి స్థాయి దాటి లోపలికి పోనివ్వకూడదు.

కదలిక ఎందుకు అవసరమో ఇప్పుడు చెబుతాను. చిత్తూరుకు పడమర, పలమనేరు మీద ఒక ఎర్ర మచ్చ ఉందనుకోండి. మే నెల సాయంత్రమైతే అది కర్ణాటక వైపు ఎండకు పుట్టి, తూర్పుకు కదిలే గాలివాన. తోతాపురి కాయలు చెట్టు మీదున్న రోజులు. చిత్తూరు చుట్టుపక్కల తోటలవాళ్ళకు గంటో అరగంటో వ్యవధి ఉంటుంది. అదే మచ్చ నవంబరులో కనిపిస్తే అది సముద్రం నుంచి వచ్చి, చిత్తూరును దాటి, పడమరకు పోతున్న వాన. నిలిచిన బొమ్మలో రెండూ ఒకటే. బొమ్మ కదిలితేనే వస్తోందా, పోతోందా అన్నది తెలుస్తుంది. పీకిన చెనక్కాయ చెట్టును ఆరబెట్టుకున్న రైతుకు కావాల్సింది అదొక్కటే.

కదిలే పటంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది కదలని మచ్చ. సముద్రం మీదినుంచి తేమగాలి వచ్చి శేషాచలం కొండలను ఢీకొని పైకి లేస్తుంది, చల్లబడి అక్కడే కురుస్తుంది. చుట్టూ మబ్బులు నడుస్తుంటాయి, కొండ మీది వాన మాత్రం చోటు మారదు. రెండు గంటల బొమ్మలు తిప్పినా ఎరుపు అక్కడే ఉంటే, కళ్యాణి డ్యామ్ వైపు, ఘాట్ రోడ్ల వైపు, స్వర్ణముఖి ఒడ్డున ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలి. పటం తయారుచేసేవాళ్ళు రెండు గంటల వాననూ కూడి, "ఇక్కడ ఇంత పడి ఉండవచ్చు" అని ఇంకో పొర వేస్తే ఇంకా మేలు.

మరి ఈ పటం మన నేలనంతా ఒకేలా చూస్తుందా? చూడదు. రాడార్ కిరణం అడ్డంగా కాకుండా కాస్త పైకి, మామూలుగా అర డిగ్రీ కోణంతో పోతుంది. భూమి గుండ్రంగా ఉండటంవల్ల దూరం పోయేకొద్దీ నేల కిందికి జారిపోతుంది. శ్రీహరికోట నుంచి తిరుపతి 80 కిలోమీటర్లకు పైనే. అక్కడికి వచ్చేసరికి కిరణం నడిభాగం నేలకు కిలోమీటరు పైచిలుకు ఎత్తులో ఉంటుంది. చెన్నై నుంచి కుప్పం 210 కిలోమీటర్లకు పైనే. అక్కడ ఆ ఎత్తు నాలుగు కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఎత్తుగా పెరిగే వేసవి ఉరుముల మబ్బు దానికి దొరుకుతుంది. తక్కువ ఎత్తులోనే ఉండి రోజంతా కురిసే ముసురు ఈ రెండు రాడార్లకూ సరిగా దొరకదు. కుప్పం, శాంతిపురం, రామకుప్పం రైతులు ఈ పటాన్ని తెరిచి, ఖాళీగా ఉంటే నమ్మకూడదు. ఈ మాటను పటంలోనే చెప్పాలి. రాడార్ చుట్టూ వంద, నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల వలయాలు గీసి, బయటి వలయంలో "ఇక్కడ తక్కువ ఎత్తు వాన కనిపించకపోవచ్చు" అని రాయాలి.

ఇది అన్యాయమే. పడమటి మండలాలు వాన కోసం ఎక్కువ ఎదురుచూసేవి, వాళ్ళకే చూపు మసకగా ఉంది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రెండు వేల కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్ అనే పథకాన్ని ఆమోదించింది. కొత్త రాడార్లు అందులో ముఖ్యమైన భాగం. రాయలసీమ పడమటి అంచు ఎంత మసకగా ఉందో వలయాలు గీసిన పటం ఒకటి చేతిలో ఉంటే, మన ప్రజాప్రతినిధులకు అడగడం తేలికవుతుంది.

ఇది ఒంటరి మనుషులు చేయలేని పనేమీ కాదు. తిరుపతికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సాయి ప్రణీత్ వాతావరణ సమాచారాన్ని సేకరించి, రైతులకు తెలుగులో చెబుతూ ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్‌గా పేరు తెచ్చుకున్నారు. 2021 జూలైలో ప్రధానమంత్రి తన రేడియో కార్యక్రమం మన్ కీ బాత్‌లో ఆయన కృషిని ప్రస్తావించారు. ఒక మనిషి ఆసక్తితో అంత జరిగినప్పుడు, ఇన్ని ఇంజనీరింగ్ కళాశాలలున్న తిరుపతిలో ఒక మంచి తెలుగు రాడార్ పటం రావడం కష్టం కాదు. ఒక్క హద్దు మాత్రం పాటించాలి. హెచ్చరికలు జారీచేయడం వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థల బాధ్యత. మన పటం జరుగుతున్నదాన్ని చూపించాలి, వాళ్ళ హెచ్చరికను పైన పెట్టాలి.

చివరగా అడుగు పటం గురించి. రాడార్ పొర ఎంత బాగున్నా దాని కింద చెరువులు లేకపోతే మనకు సగమే ఉపయోగం. మన దగ్గర చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మరవ పారితే ఆ నీళ్ళు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. పై కట్ట తెగితే కింది కట్టకూ గండం. వాన ఏ చెరువు పరివాహకంలో పడుతోందో కనిపించాలంటే చెరువు, దానికి నీళ్ళు తెచ్చే వంక, మరవ నుంచి పోయే కాలువ, అన్నీ పటంలో ఉండాలి. ఉమ్మడి పటంలో చాలా చెరువులు నీలం మచ్చలుగా ఉంటాయి కానీ పేరుండదు. ఆ పేరు మీకు తెలుసు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి, ఉపగ్రహ చిత్రం మీద మీ చెరువును గుర్తించి, తెలుగు పేరుకు కేటాయించిన గడిలో రాయవచ్చు. ఫోను వాడడం రాని పెద్దవాళ్ళు పేర్లు చెబితే, పక్కన మనవడో మనవరాలో రాసిపెట్టవచ్చు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి ఈ పనికి వేసవి మంచిది. చెరువు ఎండినప్పుడు కట్ట, తూము, మరవ మూడూ నడిచి చూసుకోవచ్చు, వంక ఎక్కడినుంచి వచ్చి కలుస్తోందో కూడా గుర్తుపెట్టుకోవచ్చు.